రామప్ప రంగమండపం – పేరిణి నృత్యం

ప్రాచీన కాలంలో సంగీత నృత్యాలకు రెండు ప్రధాన వేదికలు ఉండేవి. ఒకటి రాజప్రాసాదం, రెండవది దేవాలయం. తిరువనంతపురంలో స్వాతితిరునాళ్ మహారాజు నిర్మించిన కుతిరమాళిక ప్రాసాదంలో నేటికీ ప్రతి జనవరిలో ఆయన కృతులతో సంగీతోత్సవం జరుగుతుంది. ప్రాసాదాన్ని నిర్మించినవాని గానమే ఆ ప్రాసాదంలో మారుమోగడం ఆ ఉత్సవంలోని విశేషం. ఓరుగల్లులో కాకతీయుల రాజప్రాసాదం నేడు నిలిచి లేదు. కీర్తితోరణాలు మాత్రం మిగిలాయి. అయినా వారి కాలపు నృత్యాన్ని తెలిసికొనడానికి ఒక దేవాలయం, ఒక శాస్త్రగ్రంథం, ఒక ద్విపద కావ్యం మనకు దక్కాయి. ఈ మూడింటి ఆధారంతో పేరిణి అనే నృత్యం తిరిగి రంగస్థలం ఎక్కిన తీరును పరిశీలిద్దాం.

మొదటి ఆధారం పాలంపేటలోని రామప్ప దేవాలయం. పూర్వపు వరంగల్ జిల్లాలోని ఈ గ్రామం 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, 2019లో ములుగు జిల్లాలో చేరింది. గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు ఈ ఆలయాన్ని కట్టించినట్లు క్రీ.శ. 1213 నాటి శాసనం చెబుతున్నది. గర్భగుడికి ఎదురుగా ఉన్న మండపం మధ్యలో నేల కంటె కొంత ఎత్తుగా రంగస్థలం ఉంది. దాని చుట్టూ ఉన్న స్తంభాలపైన, దూలాలపైన నర్తకీనర్తకులు, మృదంగాది వాద్యాలు వాయించేవారు బారులుతీరి కనిపిస్తారు. వెలుపల చూరు క్రింద నల్లరాతి మదనికలు వివిధ భంగిమలలో నిలిచి ఉన్నారు.

రెండవ ఆధారం 'నృత్తరత్నావళి'. దీనిని రచించిన జాయపసేనాని గణపతిదేవుని గజసాహిణి, అనగా గజసైన్యాధిపతి. ఆయన సోదరీమణులు నారాంబ, పేరాంబ చక్రవర్తికి రాణులు. గుండామాత్యుని వద్ద నాట్యవిద్యను అభ్యసించిన జాయన, 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో ఎనిమిది అధ్యాయాలుగా ఈ గ్రంథాన్ని కూర్చాడు. మొదటి నాలుగు అధ్యాయాలలో శాస్త్రనియమాలకు కట్టుబడిన మార్గ నృత్యాన్ని, తరువాతి నాలుగింటిలో ఆయా ప్రాంతాల ప్రజలలో ప్రచారంలో ఉన్న దేశి నృత్యాన్ని వివరించాడు. గ్రంథంలో సగభాగాన్ని దేశి నృత్యానికి కేటాయించడం ఆయన విశాలదృష్టికి నిదర్శనం. పేరణి ఈ దేశి నృత్యాలలో ఒకటి.

మూడవ ఆధారం జనగామ జిల్లా పాలకుర్తితో పేరు ముడిపడిన పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర'. అందలి పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తుల ఆటపాటలు వర్ణితమయ్యాయి. రాగాల పేర్లు, వాద్యాల పేర్లు, పేరణి మొదలైన నృత్యాల పేర్లు అక్కడ కనిపిస్తాయి. శాస్త్రకారుడు లక్షణం చెప్పిన కళ జనసమూహాల మధ్య కూడ వర్ధిల్లిందని దీనివలన తెలుస్తున్నది.

పేరణికి ఐదు అంగాలున్నాయని ప్రాచీన లక్షణగ్రంథాలు పేర్కొన్నాయి. కాలి గజ్జెలను లయబద్ధంగా పలికించడం ఘర్ఘరం. ఎగిరి దుమికే కష్టసాధ్యమైన విన్యాసాలు విషమం. వికృతమైన చేష్టలను అనుకరించి నవ్వించడం భావాశ్రయం. నాయకుని గుణాలను కీర్తించడం కవిచారం. పాడుతూ ఆడడం గీతం. పేరిణి అనగానే యుద్ధానికి వెళ్లే వీరుల నృత్యమని మాత్రమే నేడు పలువురు భావిస్తారు. కాని ఈ ఐదింటిని గమనిస్తే, వీరంతోపాటు హాస్యం, నృత్తంతోపాటు గానం అందులో ఉండేవని స్పష్టమవుతుంది.

1323లో కాకతీయ సామ్రాజ్యం పతనమైంది. ఆదరించే ప్రభువులు లేక, నేర్పే గురువులు కరవై ఈ కళ క్రమంగా కనుమరుగైంది. ఇరవయ్యవ శతాబ్దంలో ఆచార్య నటరాజ రామకృష్ణ (1923–2011) రామప్ప శిల్పాలను పరిశీలించి, జాయన గ్రంథాన్ని అధ్యయనం చేసి, పేరిణి శివతాండవానికి రూపకల్పన చేశారు. 1985లో మహాశివరాత్రి సందర్భంగా రామప్ప సన్నిధిలోనే దానిని ప్రదర్శింపజేశారు. రాతిపై చూసిన భంగిమలు మనుష్యుల అంగాలలో కదలాడాయి.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయించడం సహజం. నేడు మనం చూసే పేరిణి జాయన చూసిన పేరిణియేనా? శిల్పం ఒక క్షణాన్ని మాత్రమే నిలుపుతుంది. ఒక భంగిమ నుండి మరొక భంగిమకు నర్తకుడు ఎలా చేరాడో అది చెప్పలేదు. గ్రంథం నియమాన్ని చెబుతుంది. ఆనాటి మద్దెల దెబ్బను వినిపించలేదు. ఆ ఖాళీలను పూరించినది గురువు ఊహ, సాధన. కనుక నేటి పేరిణి ప్రాచీన కళకు యథాతథమైన ప్రతి కాదు, ఆధారాలపై నిర్మించిన పునఃసృష్టి. ఈ సత్యాన్ని అంగీకరించడం వలన ఆచార్యుని కృషి విలువ తగ్గదు. పైగా, గురుశిష్య పరంపర ఒకసారి తెగితే దానిని అతకడం ఎంత కష్టమో బోధపడుతుంది.

2021 జులైలో రామప్ప దేవాలయానికి యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు లభించింది. రాయిని కాపాడడానికి చట్టాలు, నిపుణులు ఉన్నారు. నృత్యాన్ని కాపాడేది మాత్రం దానిని నేర్చుకొనేవారే. మహబూబాబాద్ జిల్లా కురవిలోని వీరభద్రస్వామి ఆలయం వద్ద శివరాత్రికి నేటికీ వేలాది జనం చేరుతారు. సోమనాథుడు వర్ణించిన ఆ జనసందోహం మన ప్రాంతంలో ఇంకా సజీవంగా ఉంది. మీ గ్రామంలో డోలు వాయించే వృద్ధుడు, కోలాటం పాట ఎరిగిన అవ్వ ఉంటే వారి వద్ద కూర్చొని ఆ విద్యను నేర్చుకొనండి. పేరిణి విషయంలో ఏడు శతాబ్దాల తరువాత శిలలను అడగవలసి వచ్చింది. వారి విద్యను మాత్రం వారినే అడిగి తెలిసికొనే అవకాశం మనకు ఇంకా ఉంది.