పండు కన్న ముందు పిక్క

"బొమ్మ అవ్వకముందే డబ్బులేటి మేస్టారూ, ఇది అడుక్కోడం కాదేటి?" అని కాశీబుగ్గలో నన్నెరిగినవారు తరచుగా ప్రశ్నించుచుందురు. సగము గీసిన చిత్రమునో, సగము కూర్చిన పాటనో తన పోషకులకు చూపుచు, వారిచ్చు ధనముతో తక్కిన సగము సాగించుకొను కళాకారుని గూర్చి ఈ మాట వినినప్పుడెల్ల నా మనసు చివుక్కుమనును. ఈ పద్ధతికి క్రౌడ్‌ఫండింగ్ అను పేరు పరాయిదే గాని, అందలి ప్రాణము మన ప్రాంతమునకు చిరపరిచితము.

జముకుల కథ వినినవారు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. ఒకవైపు తోలు మూసి నడుమ నరము బిగించిన జముకు వంతగాని చంకలో గుమ్ముగుమ్మున మ్రోగుచుండగా, కథ మంచి పట్టున నున్న వేళ, ముందు వరుసలోని ముసలమ్మ కొంగుముడి విప్పి పదిరూపాయల నోటు చాచును; కథకుడు దానిని ఎత్తిపట్టి, ఆమె పేరు చెప్పి, చదివింపు చదివి, మరల కథలోనికి దుమికును. ఆ కథ ఎట్లు ముగియునో ఆమె యింకను వినలేదు. ఆమె యిచ్చినది ముగింపునకు వెల గాదు, కథకునకు భిక్షయు గాదు. తాను వినుచున్న కథ సాగవలెనను కోరిక.

నేటి ఏర్పాటులు ఆ చదివింపునకు దూరపు చుట్టములే. 2009లో వెలసిన కిక్‌స్టార్టర్‌లో కోరిన మొత్తము కూడనిచో ఎవరి సొమ్మును తీసికొనరు. 2013 నాటి పేట్రియాన్‌లో పోషకులు నెలనెలా ఇంతయని యిత్తురు. కన్నడమున 2013లో వచ్చిన లూసియా, తెలుగున 2018లో వచ్చిన మను ఇట్లు పదుగురి సొమ్ముతో తీసిన చలనచిత్రములే.

అసంపూర్ణమైన పనిని ఏల చూపవలెనన్న సందేహమునకు మా ఉద్దాన ప్రాంతపు జీడితోటయే సమాధానము. మామిడి తన టెంకను పండు కడుపులో దాచుకొనగా, పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి తెచ్చిన ఈ చెట్టు పిక్కను బయటికే వ్రేలాడగట్టును. మొదట పెరుగునదియు పిక్కయే. అది పచ్చగా నిండు కొలతకు వచ్చిన పిమ్మటనే దాని కాడ ఉబ్బి, రసము పట్టి, పసుపో ఎరుపో రంగు తేరి, మనము పండని పిలుచునది అగును. అందుచేత ముందుగా బయానా ఇచ్చినవాడు గట్టుమీద నిలిచియే, పూత మాడినదో పిక్క నిలిచినదో కనుగొనగలడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటలను నేలగూల్చినపుడు, పంట యేమైనదని రైతును అడుగవలసిన పని ఎవరికి కలిగినది?

అయితే బయట వ్రేలాడుచున్నదని పచ్చిపిక్కను కొరికినవాని పెదవి పొక్కును; ఆ జీడి అట్టిది. పనిని చూపుట వేరు, ప్రతివాని చేతికి కుంచె నిచ్చుట వేరు. పోషకుని మాట వినవలెను; గీత మాత్రము తానే గీయవలెను.

దిష్టి తగులునని సగము బొమ్మకు గుడ్డ కప్పువారును కలరు. కట్టుచున్న ఇంటిముందు దిష్టిబొమ్మను వ్రేలాడగట్టు మూఢత్వమే ఇది. నాసి సున్నమువలన గోడ కూలును గాని, పొరుగువాని చూపువలన కూలదు. అతడు చూచియుండినచో గోడ వంగినదని ముందే చెప్పియుండును.

పని నడుమ ఆగిపోయినచో ఇచ్చినవారి గతి యేమని అడుగుదురు. అందుకు కొమర్రాజు లక్ష్మణరావుగారి పనియే జవాబు. ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును సంపూర్ణమగువరకు దాచియుంచక, సంచికలు సంచికలుగా వెలువరించుచు వచ్చిరి. 1923లో ఆయన గతించునాటికి మూడు సంపుటములు వెలువడినను పని అకారమును దాటి యెంతో దూరము సాగలేదు. అంతయు ముగించి ఒక్కమారుగా అచ్చొత్తింపదలచి యుండినచో చదువరులకు అకారమైనను దక్కకపోయెడిది. 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ పనిని మరల చేపట్టునాటికి, మూడు సంపుటములు జనుల చేతులలో నుండెను.