పల్నాటి రాయి, పీడ్‌మాంట్ ద్రాక్ష

ఇటలీ వాయవ్య మూల, పో నది ఒడ్డున కాసాలె మోన్ఫెరాటో అనే పట్టణం ఉంది. చుట్టూ కొండవాలులన్నీ ద్రాక్షతోటలే. కానీ ఆ ఊరికి కూడు పెట్టింది ద్రాక్ష ఒక్కటే అనుకోకూడదు. తోటల అడుగున సొరంగాలు తవ్వి సున్నపు రాయి తీశారు, బట్టీల్లో కాల్చారు, ఆ తర్వాత సిమెంటు చేశారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికే అది ఇటలీ సిమెంటుకు రాజధాని అనిపించుకుంది. మన పల్నాడులోని పిడుగురాళ్లలో పెరిగిన వాళ్లకు ఈ దృశ్యం విడమరిచి చెప్పక్కర్లేదు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డుకు అటూ ఇటూ సున్నం బట్టీలు, ముగ్గు మిల్లులు, వాటిని దాటగానే మిరప, పత్తి చేలు. కింద రాయి, పైన పంట. రెండు ఊళ్ల కథా ఒకటే.

తేడా ఎక్కడంటే, కాసాలె కొండలకు ప్రపంచం నలుమూలల నుంచి జనం డబ్బు ఖర్చుపెట్టుకుని వెళ్లి మట్టిని చూసి వస్తారు. ఇటలీ పార్లమెంటు 1999లో ‘వైన్ దారుల’ కోసమే 268వ నంబరు చట్టం చేసింది. 2014లో లాంగె, రొయెరో, మోన్ఫెరాటో ద్రాక్ష కొండలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. యాత్రికులు ఎక్కువగా ఆల్బా పట్టణంలో దిగుతారు. పొద్దున్నే గైడు తోటలోకి తీసుకెళ్తాడు. ఆ తర్వాత నేలమాళిగ. మధ్యాహ్నం గుడ్డు సొనతో కలిపిన పిండిని దారాల్లా కోసి వండిన తాయరిన్, శరదృతువైతే దాని మీద తెల్ల ట్రఫుల్ తురుము. ఈ యాత్రల్లో తప్పకుండా వచ్చే ఘట్టం ఒకటుంది. గైడు ఒక మట్టిబెడ్డ చేతికిచ్చి, రెండో చేతికి గ్లాసు అందించి, ఈ రాయి రుచి వైన్‌లో తెలుస్తోందా అని అడుగుతాడు.

తెలుస్తోందనే అంటారు చాలామంది. భూగర్భశాస్త్రం మాత్రం ఒప్పుకోదు.

వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలెక్స్ మాల్ట్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ విషయం మీద ఏళ్ల తరబడి రాశారు. వేరు రాయిని తినదు. రాయి అరిగి, కరిగి, నీటిలో అయాన్లుగా మారాకే పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం వంటివి వేరులోకి వెళతాయి. అలా వెళ్లిన కాల్షియానికి తాను ఏ రాతి నుంచి వచ్చిందో చెప్పే గుర్తు ఏదీ ఉండదు. లీటరు వైన్‌ను పూర్తిగా ఆవిరి చేసి కాల్చితే మిగిలే బూడిద రెండు మూడు గ్రాములకు మించదు. అందులోనూ ఎక్కువ పొటాషియమే. నాలుకకు అందేంత సున్నం దానిలో లేదు. అసలు సున్నపురాయికి రుచీ లేదు, వాసనా లేదు. పిడుగురాళ్ల క్వారీలో ఏ ముక్కను నాకి చూసినా ఈ సంగతి బోధపడుతుంది.

అయితే నేలకూ రుచికీ సంబంధం లేదా? ఉంది, చాలా గట్టిగా ఉంది. అది నడిచే దారి వేరు. ఆ దారి పేరు నీరు.

ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో గెరార్ సెగాఁ అనే మృత్తికా శాస్త్రవేత్త ఆ ప్రాంతపు మేలిరకం తోటల నేలలు తవ్వి చూశారు. కొన్ని గులకరాళ్ల నేలలు, కొన్ని బంకమట్టి, కొన్ని సున్నపు నేలలు. రసాయనికంగా వాటికి పొంతన లేదు. 1986లో ఆయన ప్రచురించిన వ్యాసం తేల్చింది ఇది: ఆ నేలలన్నిటికీ ఉమ్మడి గుణం నీటిని ఇచ్చే తీరే. వాన కురిస్తే తొందరగా వదిలించుకుంటాయి, ఎండాకాలంలో కొద్దికొద్దిగా తీగకు అందిస్తాయి. తీగ చావదు, దాహమూ తీరదు. కాయ రంగు తిరిగే ముందు ఆ కొద్దిపాటి దాహం తగిలితే వేర్లలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను తయారై ఆకులకు చేరుతుంది. కొత్త చిగుళ్లు ఆగిపోతాయి. ఆకు చేసిన చక్కెర కాయల వైపు మళ్లుతుంది. కాయ చిన్నదవుతుంది. చిన్న కాయలో రసంతో పోలిస్తే తొక్క పాలు ఎక్కువ. రంగు, వగరు, సువాసనకు మూలమైన పదార్థాలు ఉండేది ఎక్కువగా ఆ తొక్కలోనే.

లాంగె కొండల నేల ఈ పనికి సరిగ్గా సరిపోయింది. సుమారు 70 లక్షల నుంచి 1.4 కోట్ల సంవత్సరాల కిందట సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టీ సున్నమూ కలిసి గట్టిపడిన మెత్తటి రాయి అది. గోటితో గీస్తే గీత పడుతుంది, వేరు దూరుతుంది, తేమ దాచుకుంటుంది. మన పల్నాటి రాయి తీరు వేరు. కడప జిల్లా నార్జి గ్రామం పేరు మీద శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అని పిలిచే ఈ పొరల వయసు 50 కోట్ల సంవత్సరాలకు పైమాటే. పలకలు పలకలుగా బిగుసుకుపోయింది. వేరు దాన్ని చీల్చలేదు, పగుళ్లు వెతుక్కోవాల్సిందే. నీరు కూడా ఆ పగుళ్లలోంచే దిగుతుంది. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు బలహీనమైన ఆమ్లం. అది వేల, లక్షల ఏళ్లు పగుళ్లను తొలుచుకుంటూ పోతే గుహలవుతాయి. పిడుగురాళ్లకు దగ్గర్లోని గుత్తికొండ బిలం అలా ఏర్పడిందే. పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఆ బిలంలోకి వెళ్లిపోయాడని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. గుహ లోపలి మడుగుల్లో నిలిచిన నీటిలో కరిగి ఉన్నది, పైన బట్టీల్లో కాలుతున్నది ఒకే రాయి.

సున్నపు నేలకు ఒక చెడ్డ గుణమూ ఉంది. అక్కడ ఇనుము ఉన్నా మొక్కకు అందదు. క్షారగుణం వల్ల అది కరగని రూపంలోకి మారిపోతుంది. లేత ఆకులు పసుపుగా పాలిపోయి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. మన నిమ్మ, బత్తాయి రైతులు ఇది చూడగానే అన్నభేదిలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు. సరిగ్గా ఈ జబ్బే ఒకప్పుడు యూరప్ ద్రాక్షను కాపాడే ప్రయత్నానికి అడ్డుపడింది. 1860లలో అమెరికా నుంచి ఫిలాక్సెరా అనే చిన్న పురుగు వచ్చి తీగల వేర్లు తినేసింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా అడవి ద్రాక్ష వేర్ల మీద యూరప్ కొమ్మలు అంటుకట్టారు. మామూలు నేలల్లో పని జరిగింది. సున్నపు నేలల్లో మాత్రం ఆ అంట్లు పసుపు తిరిగి ఎండిపోయాయి. 1887లో ఫ్రాన్స్ ప్రభుత్వం పియెర్ వియాలా అనే శాస్త్రవేత్తను అమెరికా పంపింది. టెక్సస్‌లోని డెనిసన్‌లో టి.వి. మన్సన్ అనే తోటల నిపుణుడు ఆయనకు దారి చూపాడు: సున్నపు కొండల మీదే పుట్టి పెరిగిన అడవి ద్రాక్షను వేరుగా వాడమన్నాడు. ఆ జాతి పేరు బెర్లాండియెరి. ఇప్పుడు యూరప్ సున్నపు నేలల్లోని తోటల్లో చాలా భాగం దాని సంకరాల వేర్ల మీదే నిలబడి ఉంది. 2021లో నల్ల తామరపురుగు మన మిరప పూతను ఊడ్చుకుపోయినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ చరిత్రే. అదీ బయటి నుంచి వచ్చిన పురుగే.

సున్నం ద్రాక్షకు చేసిన మేలు కూడా చెప్పాలి. బోర్డో దగ్గర మెడాక్‌లో దారి పక్క తీగలకు దొంగల భయంతో రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారు. 1882లో పియెర్ మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త ఆ తీగలకు మాత్రమే బూజు తెగులు రాలేదని గమనించాడు. 1885లో ఆయన ప్రకటించిన ఆ మందే బోర్డో మిశ్రమం. 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. మైలుతుత్తం ఒక్కటే చల్లితే దాని ఆమ్లానికి ఆకు మాడుతుంది. సున్నం ఆ ఆమ్లాన్ని విరిచి, రాగిని ఆకుకు అంటుకునే నీలి ముద్దగా మారుస్తుంది. ఇనుప మేకు ముంచితే దాని మీద రాగి పూత పడితే ఇంకా సున్నం కావాలని గుర్తు. మిరప నారుమడి పోసే రైతుకూ ఈ పరీక్ష తెలుసు.

ఆ సున్నం పుట్టే బట్టీలో జరిగేదీ, ద్రాక్షరసం పులిసే తొట్టిలో జరిగేదీ లెక్కలో ఆశ్చర్యంగా దగ్గరగా ఉంటాయి. దాదాపు 900 డిగ్రీల వేడిలో 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి 56 కిలోల సున్నంగా మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పులిసే తొట్టిలో 100 కిలోల గ్లూకోజును ఈస్టు తింటే సుమారు 51 కిలోల ఆల్కహాలు, 49 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. గాలి కంటే బరువైన ఆ వాయువు నేలమాళిగ అడుగున నిలిచిపోయి మనిషిని ఊపిరాడకుండా చంపగలదు. బట్టీ దగ్గర అంతకంటే ముందు పీల్చాల్సింది దుమ్ము. ఆకు మీద పడిన సున్నపు ధూళి వెలుతురును అడ్డుకుంటుంది, ఆకు రంధ్రాలను మూసేస్తుంది. మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళ్లినది ఇంకెంత చేస్తుందో వేరే చెప్పాలా? కాసాలెలో సిమెంటు వెంట వచ్చిన ఆస్బెస్టాస్ సిమెంటు కర్మాగారం 1986లో మూతపడింది. దాని పీచుదుమ్ము తెచ్చిన కేన్సరుతో ఆ ఊరి కుటుంబాలు ఆ తర్వాత దశాబ్దాల పాటు మనుషుల్ని పోగొట్టుకున్నాయి. ద్రాక్ష కొండల అందం చూపించే ఏ యాత్రయినా ఈ సంగతి దాచకూడదని నా గట్టి నమ్మకం.

మిరపకు వద్దాం. మిరప కారం గింజలో ఉందనుకుంటాం. నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో కాప్సాయిసిన్ తయారవుతుంది. చాలా రకాల్లో కాయ ఊరే దశలో నీరు తగ్గితే అది పెరుగుతుంది. ద్రాక్షలో చూసిన సూత్రమే. తర్వాతి పని కల్లంలో. పండుకాయలో దాదాపు మూడొంతులు నీరే; దాన్ని పది శాతం చుట్టుపక్కలకు తేవాలి. మంచు పడితే బూజు, ఎండ మితిమీరితే ఎరుపు పోయి తాలు. వెరోనా దగ్గర వాల్పొలిచెల్లాలోనూ అమరోనె వైన్ కోసం ద్రాక్షగుత్తుల్ని అటకల మీద మూడు నెలలకు పైగా ఆరబెడతారు. బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, మిగిలినది చిక్కబడుతుంది. వాళ్ల అటకను చూపించడానికి టిక్కెట్టు పెట్టారు. మన కల్లాల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేల కనపడకుండా పరుచుకునే ఎరుపు రోడ్డు మీద వెళ్లేవాళ్లకు ఊరకే కనిపించిపోతుంది.

బరోలో వైన్ ప్రాంతంలో 2010లో 181 చిన్న చిన్న హద్దులకు అధికారికంగా పేర్లు పెట్టారు. ఏ కొండవాలు ద్రాక్షో సీసా మీద ఉంటుంది. మన గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. గుంటూరు మిరప యార్డులో టిక్కీకి, అంటే బస్తాకు, ధర పలికేది మాత్రం తేజ, 334, బ్యాడ్గి అన్న రకం పేరు చూసి, రంగు చూసి. పిడుగురాళ్ల పలకరాతి మీద పలచటి మట్టిలో కాసిన కాయకూ, లోతైన నల్లరేగడిలో కాసిన కాయకూ కారంలో, వాసనలో తేడా ఎంతో ఊరి పేరుతో సహా కొలిచి అందరి ముందు పెట్టాలి. లాం ఫారం లాంటి పరిశోధనా కేంద్రం మనకు గడప దగ్గరే ఉంది.

మరి ఇక్కడ వైన్ ద్రాక్షే వేయొచ్చుగా అనేవాళ్లున్నారు. పగటి వేడిని మించిన చిక్కు రాత్రి వేడి. ద్రాక్షలోని మాలిక్ ఆమ్లాన్ని కాయ తన ఊపిరి కోసం కాల్చుకుంటుంది. రాత్రులు చల్లబడకపోతే పులుపు కరిగిపోయి తీపి ఒక్కటే మిగులుతుంది. ప్రతి వేసవిలో ఎండలతో పత్రికల్లోకెక్కే రెంటచింతల ఈ పల్నాడులోదే. ఇటలీ వైన్ మాత్రం మన దేశానికి ఎప్పుడో వచ్చింది. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల కరదీపిక ‘పెరిప్లస్’ భరుకచ్ఛం (నేటి భరూచ్) రేవులో అమ్ముడయ్యే వైన్లలో ఇటలీ వైన్‌ను ముందు చెబుతుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో వైన్ జాడీల పెంకులు దొరికాయి. వినుకొండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. నాగార్జునకొండ రాజప్రాసాదం చోట దొరికిన ఒక శిల్పంలో కొద్దిపాటి గడ్డం, పైబట్ట లేని ఒళ్లు, చేతిలో కొమ్ము పాత్ర, పక్కన మధుభాండం ఉన్న మనిషిని పండితులు గ్రీకుల మధుదేవత డయోనిసస్‌గా గుర్తించారు. చెక్కింది పల్నాటి సున్నపురాతి మీదే.

కాబట్టి బట్టీ, గుత్తికొండ బిలం, మిరప కల్లం, నాగార్జునకొండ మ్యూజియం కలిపి పిడుగురాళ్ల నుంచి రెండు రోజుల యాత్ర ఇప్పుడైనా మొదలుపెట్టొచ్చు. భూగర్భశాస్త్రం చదివిన కుర్రాళ్లు గైడ్లుగా ఉంటే చాలు. భోజనం దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. కారం తగిలే నాడీ గ్రాహకం, వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటే. దాని పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేలుకునే ఆ గ్రాహకాన్ని ఆల్కహాలు 34 డిగ్రీలకే లేపుతుందని 2002లో తేలింది. అంటే ఒంటి వేడే మంటగా తోస్తుంది. పండుమిరప పచ్చడి మీద 14 శాతం ఆల్కహాలున్న బరోలో తాగితే నోరు ఇంకా మండుతుంది. దానిలోని టానిన్ ఉమ్మిలోని ప్రోటీన్లను పట్టేసి నోరు ఎండగొడుతుంది కూడా. కాప్సాయిసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలోని కేసీన్ దాన్ని గ్రాహకం దగ్గర్నుంచి తప్పిస్తుంది. అందుకని ముద్దలో నెయ్యి, చివర గడ్డపెరుగు. అయినా వైన్ కావాల్సిందేనని పట్టుబట్టే ఇటలీ అతిథికి మోస్కాటో దాస్తి బాగా చల్లబరిచి ఇవ్వచ్చు. అది తియ్యన, వగరు లేదు, ఆల్కహాలు 5 శాతం చుట్టుపక్కలే.