తుపాకీకి తగిన ఇనప్పెట్టె

ఇంట్లో తుపాకీ ఉంచుకునే కుటుంబాలు తెలుగునాట కొద్దే అయినా, హైదరాబాద్ ఉత్తర శివార్లలో దుండిగల్ నుంచి మేడ్చల్, శామీర్‌పేట దాకా ఉన్న ప్రాంతంలో అలాంటి ఇళ్లు కొన్ని ఉండడానికి తగిన కారణాలు కనిపిస్తాయి. 1971లో ప్రారంభమైన వైమానిక దళ అకాడమీ దుండిగల్‌లోనే ఉంది. హకీంపేటలో వైమానిక దళ స్థావరం, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి చెందిన ‘నీసా’ శిక్షణ సంస్థ ఉన్నాయి. కొలువు ముగిశాక ఈ చుట్టుపక్కలే ఇల్లు కట్టుకుని స్థిరపడినవారు, ఊరికి దూరంగా ఫామ్‌హౌస్ కొనుక్కున్నవారు, బ్యాంకు ముందో నగల దుకాణం ముందో పన్నెండు బోరు తుపాకీతో కాపలా కాసే మాజీ సైనికులు, షూటింగ్ క్రీడలో పిల్లలకు శిక్షణ ఇప్పిస్తున్న తల్లిదండ్రులు ఒకే ప్రశ్నను వేర్వేరు రూపాల్లో ఎదుర్కొంటారు: వాడని వేళ ఆయుధం ఎక్కడ ఉండాలి? లైసెన్సు కోసం నెలల తరబడి తిరిగినవారు సైతం ఈ ప్రశ్నకు బీరువా పై అర చూపించి ఊరుకోవడం కద్దు.

చట్టం మాత్రం ఈ విషయాన్ని యజమాని ఇష్టానికి వదిలిపెట్టలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన కొత్త నియమావళి ప్రకారం, లైసెన్సు కోరేవారు ఆయుధాన్ని జాగ్రత్తగా వాడతామని, భద్రంగా దాచుకుంటామని హామీపత్రం ఇవ్వాలి; లైసెన్సు ఇచ్చే అధికారం పోలీసు కమిషనరేట్ పరిధిలో కమిషనర్‌కు, మిగతా చోట్ల జిల్లా కలెక్టర్‌కు ఉంటుంది. 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణ ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఈ రెండు అన్న అంకె పెట్టె ఎంపికలో కూడా అక్కరకు వస్తుంది. అమెరికా సంస్థల ప్రకటనల్లో కనిపించే ఇరవై, ముప్పై తుపాకుల నిలువెత్తు పెట్టెలతో ఇక్కడి ఇంటికి పని లేదు. రివాల్వర్‌కు చిన్న పెట్టె, జంట గొట్టాల తుపాకీకి సన్నగా పొడవుగా ఉండే పెట్టె సరిపోతాయి, మిగిలిన డబ్బును రేకు మందం మీద, తాళం నాణ్యత మీద పెట్టవచ్చు.

తుపాకీ పెట్టె అనగానే దొంగ గుర్తుకు రావడం సహజమే గాని, అది అడ్డుకోవలసినవారి వరుసలో దొంగది మొదటి స్థానం కాదు. కుతూహలం గల పిల్లవాడు, మనసు బాగోలేని కుటుంబ సభ్యుడు, కోపంలో ఉన్న యజమాని తరువాతే దొంగ వస్తాడు. 2020 డిసెంబరులో ఆదిలాబాద్ పట్టణంలో ఒక రాజకీయ నాయకుడు ఘర్షణ మధ్య తన లైసెన్సు రివాల్వర్‌తో కాల్పులు జరపగా గాయపడినవారిలో ఒకరు తరువాత మరణించారు. కోపం వచ్చిన క్షణానికీ తుపాకీ చేతికి వచ్చే క్షణానికీ మధ్య ఎంత వ్యవధి ఉండాలన్న ప్రశ్నను ఆ ఘటన గట్టిగానే ముందుకు తెచ్చింది. సైన్యంలో ‘కోత్’ అనీ పోలీసు శాఖలో ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్’ అనీ పిలిచే ఆయుధాగారాల పద్ధతి ఈ వ్యవధిని సృష్టించేదే: తుపాకులు ఒకచోట, మందుగుండు వేరొకచోట తాళంలో ఉంటాయి, తీసిన ప్రతిసారీ రిజిస్టరులో సంతకం పడుతుంది. ఇంటి పెట్టె దీనికి చిన్న నమూనా కావాలి. ఈ ఏర్పాటు ఫలితం గురించి ఆధారం కూడా ఉంది. వైద్య పత్రిక ‘జామా’లో 2005లో గ్రాస్‌మన్ బృందం ప్రచురించిన అధ్యయనం అమెరికాలోని కొన్ని రాష్ట్రాల ఇళ్లను పోల్చి, తుపాకీని తాళంలో ఉంచడం, గుళ్లు తీసి ఉంచడం, గుళ్లను తాళంలో ఉంచడం, వాటిని తుపాకీకి వేరుగా ఉంచడం అనే నాలుగు అలవాట్లలో ప్రతి ఒక్కటీ పిల్లల్లో, కౌమార వయసువారిలో ఆత్మహత్యలు, ప్రమాదవశాత్తు గాయాలు తక్కువగా ఉండడంతో ముడిపడి ఉందని తేల్చింది. కాబట్టి పెట్టె ఒకటి కాదు, రెండు కావాలి. లేదంటే పెద్ద పెట్టె లోపల వేరే తాళంచెవితో తెరుచుకునే అర ఉన్నదాన్ని ఎంచుకోవాలి. రెండింటికీ ఒకే తాళంచెవి పనిచేస్తే ఈ విభజనకు అర్థమే లేదు.

అంగడిలో దొరికే ఇంటి లాకర్లు చాలావరకు నగలకు, పత్రాలకు, నగదుకు ఉద్దేశించినవి; వాటి ఎత్తు అడుగు, అడుగున్నర. .32 రివాల్వర్ అందులో ఇమిడిపోతుంది గాని, మూడు అడుగులకు మించి పొడవుండే .315 రైఫిల్ ఇమడదు. పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీకి ఒక వెసులుబాటు ఉంది: గొట్టాలను, చెక్క మడమను విడదీసి దాచుకోవచ్చు గనుక రెండున్నర, మూడు అడుగుల పెట్టె చాలు, పైగా విడదీసిన తుపాకీ ఎవరి చేతికి చిక్కినా తక్షణం పేలదు. గొట్టాలు ఒక పెట్టెలో, మడమ మరో పెట్టెలో ఉంచగలిగితే ఇంకా మేలు. ఇక ఇంటి బీరువా సంగతి. బొంబాయిలో 1897లో తాళాల తయారీతో మొదలైన గోద్రెజ్ సంస్థ పేరు మన ఇళ్లలో ఇనప బీరువాకు పర్యాయపదంలా స్థిరపడిపోయింది గాని, ఏ సంస్థ చేసినా బీరువా అన్నది బట్టలకు, కాగితాలకు చేసిన సామాను. దాని రేకు మందం ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది, గడ్డపలుగు అంచు సందులో దూరితే తలుపు వంగిపోతుంది. రేకు మందాన్ని గేజి అనే కొలతలో చెబుతారు. గేజి అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది. తుపాకీ పెట్టెలకు లిఖిత ప్రమాణాలు పెట్టిన కాలిఫోర్నియా రాష్ట్రం ఒంటి పొర గోడకు కనీసం 12 గేజి, అంటే సుమారు 2.7 మిల్లీమీటర్ల ఉక్కు ఉండాలంటుంది, తలుపు నుంచి చట్రంలోకి దూరే గడియ కడ్డీలు కనీసం మూడు, ఒక్కొక్కటి అర అంగుళం మందాన ఉండాలంటుంది. అమెరికాలోని యూఎల్ పరీక్షా సంస్థ ఇళ్లలో వాడే పెట్టెలకు ఇచ్చే ప్రాథమిక ముద్రకు అర్థం, మామూలు చేతి పనిముట్లతో ఒక మనిషి ఐదు నిమిషాలు ప్రయత్నించినా అది తెరుచుకోలేదని మాత్రమే. ఐదు నిమిషాలేనా అనిపించవచ్చు; అసలు పరీక్షకే నిలబడని పెట్టెలు అంగడిలో ఎన్ని ఉన్నాయో గమనిస్తే ఆ ముద్ర విలువ తెలుస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఇనప్పెట్టెలకు ఐఎస్ 550 అనే ప్రమాణాన్ని రూపొందించింది. దుకాణదారుని మాట కన్నా పెట్టె మీద ఆ అంకె, ఐఎస్ఐ గుర్తు ఉన్నాయో లేవో చూడడం మేలు.

ఎంత మందపు ఉక్కయినా పెట్టెను ఇద్దరు మనుషులు ఎత్తుకుపోగలిగితే లాభం లేదు, కనుక నేలకో గోడకో బిగించడం ఎంపికలో భాగమే తప్ప తరువాత చూసుకునే పని కాదు. దుండిగల్, బౌరంపేట, మల్లంపేట వైపు ఇటీవల లేచిన అపార్ట్‌మెంట్లలో, విల్లాల్లో ఎక్కడ ఏ గోడ ఉందో ముందు తెలుసుకోవాలి. కాంక్రీటు స్తంభం, కాంక్రీటు గోడ, స్లాబు ఎక్స్‌పాన్షన్ బోల్టును గట్టిగా పట్టి ఉంచుతాయి. నాలుగంగుళాల ఇటుక గోడ అంతగా పట్టదు. తేలికపాటి ఏఏసీ దిమ్మెలతో కట్టిన గోడలో మామూలు బోల్టు బిగిస్తే రంధ్రం చుట్టూ పొడి రాలి వదులైపోతుంది, అక్కడ రసాయన జిగురుతో కూర్చే బోల్టులు వాడాలి లేదా స్థలమే మార్చాలి. అందరూ చేసే పొరపాటు మాత్రం వేరే ఉంది: ఇంటీరియర్ పని జరుగుతున్నప్పుడే వార్డ్‌రోబ్ లోపల లాకరు పెట్టించి, దాన్ని వెనకనున్న ప్లైవుడ్‌కు నాలుగు స్క్రూలతో బిగించి, పని పూర్తయిందనుకుంటారు. ప్లైవుడ్ చీల్చడానికి ఉలి చాలు. బరువు సంగతి కూడా చూసుకోవాలి. నివాస గృహాల స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారానికి లెక్కగడతారు. అంతకు మించిన పెట్టెను గది మధ్యన కాకుండా దూలం మీదకో స్తంభం పక్కకో వచ్చేలా పెట్టడం మంచిది, మరీ భారీదైతే కింది అంతస్తే దాని చోటు. స్నానాల గదికి ఆనుకున్న గోడ, మెట్ల కింది చెమ్మ మూల పనికిరావు.

తాళం విషయంలో అంగడి మాటలు అన్నిటికన్నా ఎక్కువ తప్పుదారి పట్టిస్తాయి. చేతి వేలిముద్రతో తెరుచుకునే బయోమెట్రిక్ పెట్టె అత్యాధునికమని చెబుతారు. అయితే 2023 అక్టోబరులో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం ఫోర్ట్రెస్ సంస్థ అమ్మిన దాదాపు 61,000 బయోమెట్రిక్ తుపాకీ పెట్టెలను వెనక్కి రప్పించింది. యజమాని వేలిముద్ర నమోదు చేయకముందు అవి ఎవరి వేలు తగిలినా తెరుచుకునే స్థితిలో ఉండడం, నమోదు పూర్తయిందని యజమాని పొరబడడం అందుకు కారణాలు. పన్నెండేళ్ల బాలుడి మరణం మీద దాఖలైన దావా కూడా ఆ ప్రకటనలో ప్రస్తావనకు వచ్చింది. కొన్న రోజే ఇంట్లోవారందరి వేళ్లతో, అన్ని వేళ్లతో తెరిచి చూడడం దీనికి చవకైన పరీక్ష. అంకెలు నొక్కే చవక పెట్టెలది మరో లోపం: లోపల గడియను ఆపే చిన్న విద్యుదయస్కాంతపు పిన్ను, పెట్టె మీద చేత్తో గట్టిగా చరిచినప్పుడు ఎగిరి, గడియ వదిలేసే నమూనాలు ఉన్నాయి. బ్యాటరీ అయిపోతే తెరవడానికని ముందు పలకపై ప్లాస్టిక్ మూత కింద ఇచ్చే అత్యవసర తాళంచెవి రంధ్రం సాధారణంగా పెట్టెలోకెల్లా బలహీనమైన చోటు, కాబట్టి ఆ రెండో తాళం నాణ్యతనే ముందు చూడాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రహస్య అంకెను మార్చకుండా వదిలేయడం, మార్చి పుట్టిన సంవత్సరమో వాహనం నంబరో పెట్టుకోవడం రెండూ ఒకటే. పాతకాలపు తాళంచెవి పెట్టె మంచిదే, అయితే ఆ తాళంచెవి ఎక్కడ ఉంటుంది? బీరువా పైన పరిచిన పాత పేపరు కింద, దేవుడి గూట్లో హారతి పళ్లెం వెనక, పరుపు మడతలో. ఇంట్లో పదేళ్లు దాటిన ప్రతి పిల్లవాడికీ, పనికి వచ్చే మనిషికీ ఈ మూడు చోట్లూ తెలుసు. తుపాకీ పెట్టె తాళంచెవి ఇంటి గుత్తిలో కలవకూడదు, లైసెన్సుదారుని ఒంటి మీదే ఉండాలి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో ఉండే తేమ మూసిన పెట్టెలో నిలిచిపోయి గొట్టానికి తుప్పు పట్టిస్తుంది. తుపాకీని తోలు సంచిలోంచి బయటకు తీసి, నూనె పలచగా పూసి, పక్కన సిలికా జెల్ గుళికల సంచి పెట్టి, గుళికలు రంగు మారినప్పుడు వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవాలి. తోలు తేమను పట్టి ఉంచుతుంది గనుక తుపాకీని దాని ఒరలోనే దాచడం అన్నిటికన్నా చేటు. శుభ్రం చేసేముందు గుళ్లు తీసిందీ లేనిదీ కళ్లతో, వేలితో చూసుకోవాలన్నది ప్రతి శిక్షకుడూ చెప్పే మాటే అయినా, 2024లో అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన తెలంగాణ విద్యార్థి ఒకరు సొంత తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించారు. పెట్టెలోకి గుండు నింపిన తుపాకీ వెళ్లకూడదనడానికి అగ్నిప్రమాదం మరో కారణం: విడిగా ఉన్న తూటా మంటల్లో పగిలినా దాని ముక్కలకు పెద్దగా ఊపు ఉండదు, గొట్టంలో ఉన్న తూటా మాత్రం ట్రిగ్గర్ నొక్కినట్టే దూసుకుపోతుంది.

ఇవన్నీ సొంతింటివారికి. దుండిగల్ పాత ఊళ్లోనో గండిమైసమ్మ దగ్గరో ఒంటి గది అద్దెకు తీసుకుని, పగలంతా కాపలా కాసి రాత్రికి పన్నెండు బోరు తుపాకీతో తిరిగొచ్చే మాజీ సైనికుడికి గోడకు రంధ్రం పెట్టే హక్కు లేదు, స్లాబు గురించి ఇంటి యజమానిని అడిగే చనువూ ఉండదు. అతనికి కొంత చవకలో దొరికే ఏర్పాటు, తుపాకీని విడదీసి గొట్టాలను ఇనప ట్రంకులో వేసి, ట్రిగ్గర్‌కు తాళం బిగించి, ట్రంకును ఉక్కు తాడుతో కిటికీ చట్రానికో మంచం ఇనప కోళ్లకో కట్టివేసి, తూటాలను వేరే తాళంలో ఉంచడం. ఇది పెట్టెకు సమానం కాదు గాని బీరువా కన్నా నయం. ఊరికి వెళ్లేటప్పుడు తుపాకీని గదిలో వదలకుండా లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర డిపాజిట్ చేసి రసీదు తీసుకోవచ్చు, ఎన్నికల వేళ పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవడం లైసెన్సుదారులకు ఎలాగూ అలవాటైన పనే. ఇరవై జౌళ్ల లోపు శక్తి, .177 అంగుళాల లోపు బోరు ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కరలేదు గనుక క్రీడాకారుల ఇళ్లలో అది ఆటవస్తువులా సోఫా పక్కన కనిపిస్తుంది. కంటిని పోగొట్టేపాటి శక్తి దానికీ ఉంది, తాళం దానికీ కావాలి.

తుపాకీ పోతే సమీప పోలీసు స్టేషన్‌లో వెంటనే తెలియజేయాలి, కాబట్టి దాని నంబరు, బోరు, తయారీదారు పేరు, లైసెన్సు నకలు పెట్టెకు బయట మరెక్కడైనా ఉండాలి. యజమాని కన్నుమూస్తే ఏమవుతుందన్నది మాత్రం పెట్టె కొనేటప్పుడు ఎవరికీ తట్టదు. లైసెన్సు లేని వారసులు ఆ తుపాకీని తమ దగ్గరే ఉంచేసుకోవడం చట్టవిరుద్ధం. ఆయుధాల చట్టంలోని 21వ సెక్షన్ దాన్ని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సున్న వ్యాపారి దగ్గరో అప్పగించాలంటుంది. అప్పగించడానికి ముందు పెట్టె తెరుచుకోవాలి. రహస్య అంకె యజమానికి మాత్రమే తెలిసి ఉంటే వెల్డింగ్ మనిషిని పిలిచి కోయించాల్సి వస్తుంది, లోపల తూటాలు ఉండగా నిప్పురవ్వలు ఎగసే పని అది. ఆ అంకెను కవరులో సీలు చేసి బ్యాంకు లాకరులో వీలునామాతో పాటు ఉంచడం, కవరు మీద ముందు స్టేషన్‌కు కబురు చేసి ఆ తరువాతే పెట్టె తెరవాలని రాసిపెట్టడం పది నిమిషాల పని.