పొట్టకు దెబ్బ తగిలిందా? నొప్పి తగ్గినా ఆసుపత్రికి వెళ్లాలి: క్లోమానికి గాయమైతే ఏం చేస్తారు?

నందివాడ మండలంలో చేపల చెరువుల గట్లు ఇరుకు. మేత బస్తాలతో బైకు మీద వెళుతూ జారితే హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుంటుంది. ట్రాక్టరు బోల్తా పడితే స్టీరింగ్ నొక్కేస్తుంది. గేదె తన్నినా, కొమ్ముతో కుమ్మినా అంతే. పైకి కమిలిన మచ్చే కనిపించినా, లోపల క్లోమం చిట్లి ఉండవచ్చు.

ఎందుకు ప్రమాదం?

క్లోమాన్ని డాక్టర్లు పాంక్రియాస్ అంటారు. ఇది జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు అడ్డంగా ఉంటుంది. దెబ్బకు వెన్నెముక మీద నలిగి తెగుతుంది. కొవ్వును, మాంసాన్ని అరిగించే రసం ఇందులోనే తయారవుతుంది. నాళం తెగితే ఆ రసం కడుపులో కారి చుట్టూ ఉన్న భాగాలను దెబ్బతీస్తుంది. మొదట్లో నొప్పి తగ్గినట్లే ఉండి, కొన్ని గంటలకో, మర్నాడో తిరగబెట్టవచ్చు.

ఈ లక్షణాలు ఉంటే ఆలస్యం చేయరాదు

• బొడ్డు పైభాగంలో నొప్పి, వీపులోకి పాకడం
• వాంతులు, జ్వరం
• పొట్ట ఉబ్బడం, గట్టిపడటం
• చెమటలు, కళ్లు తిరగడం

వెంటనే చేయాల్సినవి

• 108కి ఫోన్ చేయాలి.
• తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వరాదు. సోడా, మజ్జిగ కూడా వద్దు.
• పొట్టకు నూనె రాయడం, కాపడం పెట్టడం చేయరాదు.
• నొప్పి ఇంజెక్షన్‌తో సరిపెట్టుకుని ఇంటికి రావద్దు.
• దెబ్బ ఎప్పుడు, దేనితో తగిలిందో డాక్టరుకు చెప్పాలి.

చికిత్స ఎలా?

రక్తంలో అమైలేజ్ పరీక్ష, సీటీ స్కాన్ చేస్తారు. తొలి గంటల్లో ఇవి మామూలుగా రావచ్చు. నొప్పి తగ్గకపోతే మళ్లీ చేయాలి. నాళం బాగుండి, గ్రంథి కమిలితే చాలావరకు ఆపరేషన్ లేకుండానే కనిపెట్టి చూస్తారు. ఆపరేషన్ చేయాల్సి వస్తే రక్తం ఆపి, కారే రసం బయటకు వచ్చేలా గొట్టం పెడతారు. తోక వైపు నాళం తెగితే సాధారణంగా ఆ ముక్కను తీసేస్తారు. ఒక్కోసారి ప్లీహం కూడా తీయాల్సి వస్తుంది. అప్పుడు టీకాలు తప్పనిసరి. తల భాగం, పక్కనున్న చిన్నపేగు రెండూ నలిగితేనే పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది. ఎక్కువ భాగం తీస్తే షుగరు రావచ్చు కాబట్టి పరీక్షలు మానకూడదు.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు గుడివాడ ఏరియా ఆసుపత్రికి వెళ్లవచ్చు. అక్కడి డాక్టర్లు రాస్తే మచిలీపట్నం లేదా విజయవాడ సర్వజన ఆసుపత్రికి వెంటనే బయలుదేరాలి. ఎన్టీఆర్ వైద్య సేవ వివరాలకు 104కి ఫోన్ చేయండి. కార్డు వెతుకుతూ మాత్రం ఆలస్యం చేయవద్దు.