వేయడం, విసరడం, బాదడం: ఆట క్రియల్లోని శాస్త్రం

క్రికెట్ చూసే తెలుగువారు బౌలర్ బంతి ‘వేశాడు’ అంటారు. బౌండరీ దగ్గర ఆ బంతిని ఆపిన ఫీల్డర్ దాన్ని కీపర్‌కు ‘విసిరాడు’ అంటారు. ఓవర్ వేశాడంటారే గాని, ఓవర్ విసిరాడని ఎవరూ అనరు. చేతిలోంచి బంతి వెళ్లడం రెండింట్లోనూ ఉన్నదే. తేడా అంతా మోచేతిలో ఉంది. ఆ తేడాను కొలిచి చెప్పడానికి ప్రపంచ క్రికెట్ చాలా ఏళ్లు ప్రయోగశాలలను ఆశ్రయించాల్సి వచ్చింది.

ఆటల్లో వాడే క్రియాపదాలు చాలావరకు ఇలాంటివే. శరీరంలో ఏ కీలు కదిలింది, బలం ఎంతసేపు పనిచేసింది, బంతి ఏ కారణంగా దారి మార్చుకుంది అన్న సమాచారం ఒక్కొక్క మాటలో ఇమిడి ఉంటుంది. దాన్ని విప్పి చూస్తే ఆట మరింత బాగా అర్థమవుతుంది. ఆట నేర్పేటప్పుడు ఏ మాట వాడుతున్నామన్నది పిల్లల నైపుణ్యాన్నే ప్రభావితం చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి కనుక, ఇది క్రీడాభిమానులతో పాటు ఉపాధ్యాయులూ పట్టించుకోవలసిన విషయం.

మోచేయి దగ్గరి సరిహద్దు

బౌలర్ చెయ్యి భుజం ఎత్తుకు చేరిన క్షణం నుంచి బంతి చేతిని వదిలే క్షణం వరకు, వంగి ఉన్న మోచేయి నిటారు కాకూడదని క్రికెట్ నియమావళి చెబుతుంది. నిటారైతే అది విసరడమే. అంపైర్ నోబాల్ ఇస్తాడు. మోచేయి మొదటి నుంచీ వంగి ఉండి, చివరిదాకా అదే కోణంలో నిలిస్తే తప్పు లేదు.

శ్రీలంక స్పిన్నర్ ముత్తయ్య మురళీధరన్ విషయంలో ఈ సూక్ష్మమే పెద్ద వివాదానికి దారితీసింది. 1995 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో అంపైర్ డారెల్ హెయిర్ ఆయన బంతులను నోబాల్‌గా ప్రకటించారు. మురళీధరన్ మోచేయి పుట్టుకతోనే పూర్తిగా చాచడానికి వీలులేనిది. వంగిన చెయ్యి వేగంగా తిరుగుతుంటే అది సాగుతోందో, వంగినట్టే ఉందో మామూలు కంటితో తేల్చడం కష్టం. అత్యంత వేగంగా చిత్రించే కెమెరాలతో బౌలర్లను పరిశీలించినప్పుడు ఇంకో సంగతి కూడా బయటపడింది. ఎవరూ ఎన్నడూ వేలెత్తి చూపని ఫాస్ట్ బౌలర్లలోనూ మోచేయి కొన్ని డిగ్రీలు సాగుతోంది. చెయ్యి అంత వేగంతో తిరిగేటప్పుడు కీలు మీద పడే లాగుడుకు కొంత సాగడం సహజం. అందుకే, స్పిన్నర్లకు 5, మీడియం పేసర్లకు 7.5, ఫాస్ట్ బౌలర్లకు 10 డిగ్రీలుగా ఉన్న పరిమితిని ఐసీసీ 2005 నుంచి అందరికీ 15 డిగ్రీలుగా మార్చింది. ఆ మాత్రం సాగితే తప్ప కంటికి ఆనదన్నది ఇందులోని తర్కం. మురళీధరన్ 2010లో 800 టెస్టు వికెట్లతో ఆట ముగించారు. వేయడానికీ విసరడానికీ మధ్య ఉన్న సరిహద్దుకు ఆ విధంగా ఒక అంకె వచ్చింది.

బంతి ‘తిరిగింది’ అంటే సరిపోదు

బంతి దారి మార్చుకోగానే మనం ‘తిరిగింది’ అనేస్తాం. ఆడేవారు మాత్రం స్వింగ్, సీమ్, స్పిన్ అని మూడు మాటలు వాడతారు. మూడింటికీ కారణాలు వేరు కాబట్టి మాటలూ వేరుగా ఉన్నాయి.

స్వింగ్ గాల్లోనే జరిగిపోతుంది. బౌలర్ బంతి కుట్టును ఒక పక్కకు ఏటవాలుగా ఉంచి వదులుతాడు. కుట్టు ఉన్న వైపు బంతిని అంటుకుని సాగే పల్చని గాలి పొర అల్లకల్లోలమవుతుంది. అల్లకల్లోలమైన పొర బంతిని ఎక్కువ దూరం అంటిపెట్టుకుని ఉంటుంది. నున్నటి వైపు గాలి తొందరగా విడిపోతుంది. రెండు వైపులా గాలి ఒకే తీరున విడివడకపోవడంతో బంతి మీద పక్కకు నెట్టే బలం ఏర్పడి, అది కుట్టు చూపిన దిక్కుకు వంగుతుంది. ఫీల్డర్లు బంతిని ఒక వైపే పదేపదే రుద్ది మెరుపు తేవడం ఈ తేడాను నిలబెట్టడానికే. బంతి పాతబడి ఒక వైపు గరుకెక్కాక, మంచి వేగంతో వేస్తే ఈ లెక్క తారుమారై బంతి ఎదురు దిక్కుకు వంగుతుంది. రివర్స్ స్వింగ్ అంటే అదే.

సీమ్ అన్నది పిచ్ మీద జరిగే పని. కుట్టు నేలకు తగిలిన తీరును బట్టి బంతి లోపలికో బయటికో మళ్లుతుంది. ఎటు మళ్లుతుందో చాలాసార్లు బౌలర్‌కే ముందుగా తెలియదు.

స్పిన్‌లో వేళ్లో మణికట్టో బంతికి గిరగిరా తిరిగే వేగాన్నిస్తాయి. నేల తగిలినప్పుడు ఘర్షణ వల్ల బంతి పక్కకు మళ్లుతుంది. అయితే ఆ తిరుగుడు ప్రభావం గాల్లోనే మొదలవుతుంది. తిరిగే బంతి తన వెనుక గాలిని ఒక పక్కకు మళ్లిస్తుంది. ఆ గాలి బంతిని ఎదురు పక్కకు నెడుతుంది. టెన్నిస్ బంతి వంపు తిరగడాన్ని న్యూటన్ 1672లోనే ప్రస్తావించాడు. జర్మన్ శాస్త్రవేత్త హైన్రిక్ గుస్టావ్ మాగ్నస్ 1852లో దీన్ని ప్రయోగపూర్వకంగా వివరించడంతో దీనికి మాగ్నస్ ప్రభావమన్న పేరు స్థిరపడింది. 1997లో ఫ్రాన్స్‌పై బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు రాబర్టో కార్లోస్ కొట్టిన ఫ్రీకిక్ గోడలా నిలబడ్డ ఆటగాళ్లను చుట్టివెళ్లి గోల్‌లో పడటానికి కారణం ఇదే.

తిరుగుడు అసలే లేకపోతే బంతి తిన్నగా వెళ్తుందనుకుంటాం. వాలీబాల్‌లో ఫ్లోట్ సర్వీస్ చూస్తే అది నిజం కాదని తెలుస్తుంది. అరచేతి అడుగు భాగంతో బంతి నడిమధ్యన టక్కున కొడితే బంతి దాదాపు తిరగకుండా వెళ్తుంది. గాలి విడిపోయే చోటు క్షణక్షణం మారుతూ ఉండటంతో అది అటూ ఇటూ ఊగుతుంది. అందుకునేవారికి దాని దారి చిక్కదు.

మణికట్టు పేరు, ముంజేతి పని

హైదరాబాద్ బ్యాటింగ్ అనగానే మణికట్టు మాయాజాలం అంటాం. అజారుద్దీన్ ఆఫ్ స్టంప్ బయటి బంతిని మిడ్ వికెట్ వైపు మళ్లించినా, 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281 పరుగుల ఇన్నింగ్స్‌లో షేన్ వార్న్ బంతులను అలవోకగా ఆన్ సైడ్‌కు పంపినా, ఘనత మణికట్టుకే ఇచ్చాం. అందులో మణికట్టు పాత్ర ఉన్నా, తిప్పే పనిలో ఎక్కువ భాగం దాని వెనుక ఉన్న ముంజేతిది.

ఇది ఎవరైనా చూసుకోవచ్చు. కుడి మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని ముందుకు చాపండి. అరచేతిని వెల్లకిలా పెట్టి, తర్వాత బోర్లించండి. ఇప్పుడు ఎడమ చేత్తో కుడి ముంజేతిని మణికట్టుకు కాస్త పైన కదలకుండా గట్టిగా పట్టుకుని మళ్లీ బోర్లించే ప్రయత్నం చేయండి. అరచెయ్యి దాదాపు తిరగదు. మణికట్టు పైకీ కిందికీ వంగగలదు, పక్కలకు కొద్దిగా ఒరగగలదు. గుండ్రంగా తిప్పే పని ముంజేతిలోని రెండు ఎముకలది. రత్ని అనే ఎముక అరత్ని మీదుగా దొర్లడం వల్లే అరచెయ్యి బోర్లుతుంది.

బ్యాడ్మింటన్ స్మాష్‌కు వేగాన్నిచ్చేది కూడా ప్రధానంగా ఈ బోర్లించడమూ, భుజం దగ్గర పై చెయ్యి లోపలికి తిరగడమూ. అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో జపాన్‌లో ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన పరీక్షలో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించాడు. 16 ఈకలతో, ఐదు గ్రాముల చిల్లర బరువుండే షటిల్‌కు అంత వేగం ఒక్క చేతి బలంతో రాదు. కాళ్లు నేలను తన్నడంతో మొదలై నడుము, మొండెం, భుజం, మోచేయి, ముంజేయి వరుసగా ఒకదాని తర్వాత ఒకటి కదులుతాయి. చర్నాకోల ఝుళిపించినప్పుడు పిడి దగ్గర పుట్టిన కదలిక కొసకు చేరేసరికి ఎంతో వేగం పుంజుకున్నట్టే, ఇక్కడ ఆ వేగం రాకెట్ తలకు చేరుతుంది. ‘మణికట్టుతో కొట్టు’ అని మాత్రమే విన్న పిల్లవాడు చెయ్యి ఒక్కటే ఆడిస్తాడు. ‘అరచేతిని బోర్లిస్తూ కొట్టు’ అంటే వాడి శరీరం సరైన కీలును వెతుక్కుంటుంది.

తగిలిన క్షణం ఎంత

తట్టడం, చరచడం, మోదడం, బాదడం, తన్నడం, ఒడిసిపట్టడం, గిరాటేయడం అంటూ మన క్రీడా వార్తల్లో కనిపించే క్రియలన్నీ బలానికీ కాలానికీ ఉన్న సంబంధాన్ని చెప్పేవే. ఫుట్‌బాల్‌ను గట్టిగా తన్నినప్పుడు పాదం బంతిని తాకి ఉండేది సెకనులో నూరో వంతు మాత్రమే. క్రికెట్ బ్యాట్‌కు బంతి తగిలి ఉండే సమయం దానికన్నా ఎంతో తక్కువ.

వాలీబాల్‌లో నియమం మొత్తం ఈ కాలం మీదే నడుస్తుంది. బంతిని పట్టుకోకూడదు, విసరకూడదు. చేతికి తగిలిన బంతి వెంటనే లేవాలి. మన ఊళ్లలో లిఫ్ట్ అనే పనిలో వేళ్లు బంతిని మెత్తగా తాకుతాయి. ఆ తాకిడి కాస్త సాగితే రిఫరీ విజిల్ వేస్తాడు.

క్యాచ్‌లో మాత్రం ఆటగాడికి ఆ సమయం ఎంత పెరిగితే అంత మేలు. 160 గ్రాముల క్రికెట్ బంతి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చిందనుకుందాం. చేతులను బిగించి, 5 సెంటీమీటర్ల దూరంలో దాన్ని ఆపితే సగటున వెయ్యి న్యూటన్ల బలం, అంటే దాదాపు వంద కిలోల బరువు అరచేతుల మీద పడినట్టు. చేతులను బంతితో పాటు వెనక్కి తెస్తూ 25 సెంటీమీటర్లలో ఆపితే ఆ బలం 200 న్యూటన్లకు తగ్గుతుంది. బిగుసుకున్న చేతుల్లోంచి బంతి ఎందుకు జారిపడుతుందో, వెనక్కి తెచ్చే చేతుల్లో ఎందుకు నిలుస్తుందో ఈ లెక్కే చెబుతుంది.

మాట వినగానే మెదడు

క్రియాపదానికీ శరీరానికీ ఉన్న సంబంధాన్ని నాడీ శాస్త్రవేత్తలు నేరుగా పరిశీలించారు. 2004లో ఒలాఫ్ హౌక్, ఇంగ్రిడ్ జాన్‌స్రూడ్, ఫ్రీడెమాన్ పుల్వర్‌ముల్లర్ కొందరి చేత నాకడం, ఏరడం, తన్నడం వంటి ఇంగ్లిష్ క్రియలను చదివించి మెదడును స్కాన్ చేశారు. నోరు, చెయ్యి, కాలు కదిలించేటప్పుడు పనిచేసే మెదడు భాగాల్లోనో, వాటి పక్కనో, ఆయా మాటలు చదివినప్పుడు కూడా చలనం కనిపించింది. మాట అర్థం కావడానికి ఈ చలనం తప్పనిసరా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

2008లో సియాన్ బైలాక్ బృందం ఐస్ హాకీ ఆటగాళ్లకు, అభిమానులకు, ఆ ఆట తెలియనివారికి ఆటలోని కదలికలను వర్ణించే వాక్యాలు వినిపించింది. ఆటగాళ్లూ అభిమానులూ వాటిని మెరుగ్గా గ్రహించారు. కదలికలను ఎంపిక చేసి, సిద్ధం చేసే మెదడు భాగం వారిలో ఆ వాక్యాలను అర్థం చేసుకోవడంలోనూ పాలుపంచుకుంది. ఎప్పుడూ మైదానంలోకి దిగని అభిమాని మెదడు సైతం ఆట మాటలను కదలికలతో ముడిపెట్టుకుంటోందన్నమాట.

నేర్పేవారి నోటి మాట

గాబ్రియెలె వుల్ఫ్, ఆమె సహచరులు 1998లో చేసిన ప్రయోగంలో స్కీయింగ్‌ను పోలిన యంత్రం మీద కొందరిని తమ పాదాల మీద, మరికొందరిని పాదాల కింది చక్రాల మీద దృష్టి పెట్టమన్నారు. చక్రాల మీద దృష్టి పెట్టినవారు బాగా నేర్చుకున్నారు. తర్వాత గోల్ఫ్ వంటి బంతి ఆటల్లోనూ ఇలాంటి ఫలితాలే వచ్చాయి. అవయవాన్ని కాకుండా కదలిక ఫలితాన్ని చూపే మాట బాగా పనిచేస్తుందని అర్థం. కీలు ఎక్కడ తిరుగుతుందో శిక్షకుడు తెలుసుకుని తీరాలి. విద్యార్థికి అది ఒకసారి చూపించాక, ఆడేటప్పుడు ‘బంతిని నెట్ మీదుగా ఆ మూలకు పంపు’ అని చెప్పడం మేలు.

2001లో లియావో, మాస్టర్స్ అనే పరిశోధకులు టేబుల్ టెన్నిస్ టాప్‌స్పిన్ నేర్పుతూ ఒక బృందానికి అంచెలంచెల సూచనలు ఇచ్చారు. మరో బృందానికి బ్యాట్‌తో లంబకోణ త్రిభుజం గీస్తున్నట్టు ఆడమని మాత్రమే చెప్పారు. మధ్యలో మనసును మళ్లించే మరో పని పెట్టినప్పుడు త్రిభుజం బృందం ఆట చెడలేదు. సూచనల చిట్టా మోస్తున్నవారి ఆట దెబ్బతింది. ఒత్తిడి వేళ పది సూచనలకన్నా ఒక మంచి మాట ఎక్కువ అక్కరకు వస్తుంది.

స్వింగ్, స్పిన్, స్మాష్, లిఫ్ట్ ఇప్పుడు తెలుగు మాటలే. వాటిని తీసేసి కొత్త అనువాదాలు తయారు చేయాల్సిన అవసరం లేదు. వాటి పక్కన వేయడం, విసరడం, చరచడం, బోర్లించడం, ఒడిసిపట్టడం వంటి మన క్రియలను కచ్చితమైన అర్థంతో నిలబెట్టాలి. వ్యాయామోపాధ్యాయులారా, మైదానంలో పిల్లలకు కదలిక చూపించిన ప్రతిసారీ దానికి సరైన క్రియ చెప్పండి. ఆ పేరు ఎందుకొచ్చిందో భౌతికశాస్త్రం పాఠంలో చెప్పించండి. తెలుగు వ్యాఖ్యాతలారా, బంతి తిరిగిందని ఊరుకోకుండా ఎలా తిరిగిందో చెప్పండి. మన పిల్లలు ఆటతో పాటు శాస్త్రాన్నీ తమ సొంత భాషలో నేర్చుకోవడానికి మైదానానికి మించిన తరగతి గది లేదు.