రెండు హైదరాబాదులు, ఒకే టైఫాయిడ్

నిజాముల కాలంలో అరబ్బు సైనికుల బారకులు ఉండేవి కనుక హైదరాబాదు పాతబస్తీ చివరనున్న ఆ పేటకు బార్కస్ అని పేరు వచ్చింది. అక్కడి బజారు జామపండ్లకు పెట్టింది పేరు. జామపండు ఎక్కడ కొన్నా సరే, మురుగు కలిసిన నీటిలో కడిగితే దానితోపాటు ఒక క్రిమి కడుపులోకి చేరవచ్చు. దాని పేరు సాల్మొనెల్లా టైఫీ. పేగుల గోడ దాటి రక్తంలో ప్రవేశించి టైఫాయిడ్ జ్వరం తెస్తుంది.

రక్తంలో ఉన్నది అదేనని ఆసుపత్రిలో ఎలా తెలుసుకుంటారు? రోగి రక్తం కొన్ని మిల్లీలీటర్లు తీసి, పోషకద్రవం ఉన్న సీసాలో పోసి, మన ఒంటి వేడిలో, అంటే 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. క్రిమి ఉంటే ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది. దాన్ని పళ్ళెంలో గడ్డకట్టిన అగార్ మీద పలచగా పూసి, ఒక్కో మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్ళలను పైన ఉంచుతారు. మర్నాటికి పళ్ళెమంతా క్రిములు పొరలా పరుచుకుంటాయి. మందు పనిచేసిన బిళ్ళ చుట్టూ మాత్రం ఖాళీ వలయం కనబడుతుంది. బిళ్ళను ఆనుకొని క్రిములు పెరిగాయా, ఆ మందు ఆ రోగికి దండగ. ఎంత తేలికైన పరీక్షో చూశారా!

2016 చివరలో హైదరాబాదులో ఈ వలయాలు మాయం కాసాగాయి. కంగారు పడకండి, అది మన హైదరాబాదు కాదు. పాకిస్తాన్‌లో సింధు నది దగ్గరున్న హైదరాబాదు. క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, చివరకు ఆసుపత్రులు నమ్ముకున్న సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ కూడా పనిచేయలేదు. నోటితో మింగే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఖరీదైన ఇంజెక్షన్లే దిక్కు.

క్రిమికి ఇంత బలం ఎక్కడిది? పాత మందులను తట్టుకొనే జన్యువులు దానిలో ముందే ఉన్నాయి. సెఫ్ట్రియాక్సోన్‌ను విరిచే ఎంజైము జన్యువు మాత్రం ప్లాస్మిడ్ అనే డి.ఎన్.ఎ. ఉంగరంలో వచ్చింది. అలాంటి ప్లాస్మిడ్లు పేగుల్లో ఉండే ఇ. కోలై బాక్టీరియాలలో ఉన్నాయి. పరీక్ష హాలులో చీటీ అందించినట్లు బాక్టీరియాలు ఈ ఉంగరాలను ఒకదానికొకటి అందించుకుంటాయి. (ఉపాధ్యాయుడికి ఇంతకన్నా మంచి ఉపమానం తట్టదు!)

ఆ హైదరాబాదుకు ఆసరా ఈ హైదరాబాదు నుంచే వెళ్ళింది. ఇక్కడి జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ టీకాను 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. 2018లో అక్కడ రెండు లక్షలకు పైగా పిల్లలకు దాన్ని వేశారు. 2019 నవంబరులో పాకిస్తాన్ ఈ రకం టీకాను తన జాతీయ టీకాల కార్యక్రమంలో చేర్చింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే.

మందులకు లొంగని క్రిమి టీకాకు ఎలా చిక్కుతుందంటారా? ఆ క్రిమి ఒంటి మీద చక్కెర పదార్థంతో చేసిన తొడుగు ఒకటి ఉంటుంది. టీకా మన రక్తానికి నేర్పేది ఆ తొడుగును గుర్తుపట్టడమే. లోపల జన్యువులు ఎన్ని కొత్తవి చేరినా, తొడుగు మాత్రం పాతదే.