పగడాల తొట్టె, అమానతు లెక్క

గాజువాకలోని మా ఇంటి హాలులో తూర్పు గోడకు ఆనుకొని ఒక గాజు తొట్టె ఉంది. పొడవు ఆరడుగులు, వెడల్పు రెండడుగులు, లోతు రెండడుగులు. అంచుకు కాస్త తక్కువగా నింపితే 650 లీటర్ల ఉప్పునీరు పడుతుంది. ఇంటికి వచ్చిన బంధువులు సలాం చెప్పి కూర్చోకముందే దాని దగ్గరకు వెళ్ళి నిలబడతారు. తెల్లని చారలున్న నారింజరంగు చేపలను, నీటి ఒరవడికి ఊగే మెత్తని పగడాలను చూసి, “సుబ్‌హానల్లాహ్! ఇటువంటిది మా ఇంట్లో పెట్టుకోవాలంటే ఎంతవుతుంది?” అని అడుగుతారు. ఖర్చు సంగతి తరువాత చెబుతాను. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ తొట్టెలోని ప్రాణులు ఎక్కడి నుండి వచ్చాయి? ఈ అభిరుచి మొదలుపెట్టిన రోజులలో నాకు ఆ ప్రశ్నే తోచలేదు.

పగడం రాయి కాదు, మొక్కా కాదు, జంతువు. కొన్ని మిల్లీమీటర్ల పరిమాణం గల వేలాది జీవులు ఒకదానికొకటి అంటిపెట్టుకొని, నీటిలోని కాల్షియాన్ని గ్రహించి తమ అడుగున సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి దేహకణాలలో కంటికి కనబడనంత సూక్ష్మమైన శైవలాలు నివసిస్తాయి. అవి వెలుతురులో ఆహారం తయారుచేసి, అందులో అధికభాగాన్ని తమకు చోటిచ్చిన జంతువుకే ఇస్తాయి. సముద్రజలం మామూలు వేసవి వేడికన్నా ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు అలాగే నిలిచిపోతే ఈ పొత్తు చెడుతుంది. శైవలాలు బయటికి పోయి, పగడం పాలిపోయి, ఆకలితో చనిపోతుంది. 1998లో లక్షద్వీప్‌లో జరిగినది అదే. ప్రపంచమంతటా పగడాలు ఇలా తెల్లబారడం ఇది నాలుగోసారి అని శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు.

మన ఉంగరాలలో పొదిగే ఎర్ర పగడం వేరే జాతికి చెందినది. అది ముఖ్యంగా మధ్యధరా సముద్రం నుండి వస్తుంది. సూరె రహ్మాన్‌లో ప్రస్తావించబడిన ‘మర్జాన్’ పగడమేనని చాలామంది అంటారు; చిన్న ముత్యాలని అర్థం చెప్పిన వ్యాఖ్యాతలు కూడా ఉన్నారు.

విశాఖలో ఉంటూ సముద్రాన్ని ఇంటిలో నిలుపుకోవడానికి కష్టమేముంది, నీరు పక్కనే ఉంది కదా అని మొదట నేను కూడా అనుకున్నాను. ఒక నవంబరు ఉదయం ఫజ్ర్ నమాజు తరువాత నేనూ, మా తమ్ముడూ ఋషికొండ తీరానికి వెళ్ళి పదహారు క్యాన్ల నీళ్ళు మోసుకొచ్చాము. పగడపు దిబ్బల సముద్రంలో లవణం వెయ్యికి 35 పాళ్ళు ఉంటుంది. మేము తెచ్చిన నీటిని కొలిస్తే 27 మాత్రమే వచ్చింది. పరికరం చెడిపోయిందనుకున్నాను. చెడిపోలేదు. వర్షాకాలం ముగిసిన తరువాత గంగ, బ్రహ్మపుత్ర, మహానది బంగాళాఖాతంలో కుమ్మరించిన మంచినీటిని తీర ప్రవాహం దక్షిణంగా మన ఒడ్డు వెంబడే మోసుకువస్తుంది. ఫిబ్రవరి తరువాత ప్రవాహం తిరగబడి ఉప్పదనం పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులు, నదుల ఒండ్రు, మసకనీరు కారణంగానే ఆంధ్ర తీరంలో లక్షద్వీప్ వంటి పెద్ద పగడపు దిబ్బలు ఏర్పడలేదు. అయినా ఓర్పుగల కొన్ని జాతులు మన రాతి గుట్టలను పట్టుకొని బ్రతుకుతూనే ఉన్నాయి. పూడిమడక నుండి భీమిలి వరకు గల తీరంలో స్కూబా డైవర్లు, జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రజ్ఞులు ఇటీవలి సంవత్సరాలలో వాటిని గుర్తించారు.

రేవు నూనె, గెడ్డల మురుగు కలిసే తీరపు నీటిని ఆ తరువాత నేను ముట్టలేదు. ఆర్.ఓ. యంత్రంలో శుద్ధిచేసిన నీటిలో అక్వేరియం ఉప్పు కలిపి వాడుతున్నాను. ఇందులో ఒక చిక్కుంది. ఆ యంత్రం ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదని నేర్చుకున్న మనము దానిని కాలువలోకి వదిలి ఊరుకోలేము. మా ఇంట్లో ఆ నీటికి వేరే డ్రమ్ము ఉంది. ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి, స్కూటరు కడగడానికి అదే వాడతాము.

యంత్రాల గురించి ఎక్కువగా చెప్పను. దుకాణదారులు మీకు కావలసినదానికన్నా ఎక్కువే చెబుతారు. ఆర్.కె. బీచ్‌లో అలలు విరిగినచోట నురుగు పేరుకోవడం చూసి ఉంటారు. ఆ నురుగుకే మలినాలు అంటుకుంటాయి. ప్రోటీన్ స్కిమ్మర్ అనే పరికరం చేసేది అదే పని. మేలో మన గది వేడి 35 డిగ్రీలు దాటితే, తొట్టె నీటిని 26 దగ్గర నిలపడానికి చిల్లర్ కావాలి. కరెంటు లెక్క చెబుతాను: చిల్లర్, దీపాలు, పంపులు కలిసి మా ఇంట్లో రోజుకు దాదాపు పది యూనిట్లు కాలుస్తాయి, అంటే నెలకు మూడు వందలు. ఒక చిన్న కుటుంబం వాడకమంత ఇది. పిల్లల ఫీజులకు, జకాతుకు, బంధువుల హక్కులకు తడుముకోవలసిన ఇంట్లో ఈ తొట్టెకు చోటు లేదు. నాకు తెలిసినవారికి నేను ఈ మాట నిర్మొహమాటంగానే చెబుతాను. నీరు, గాజు, రాళ్ళు కలిసి బరువు టన్నుకు దగ్గరవుతుంది కాబట్టి, అపార్ట్‌మెంటులో ఉండేవారు ఇంజనీరును అడగకుండా దీనికి పూనుకోరాదు.

అన్నిటికన్నా కావలసినది సహనం. నీరు నింపిన రోజునే చేపలను వేస్తే అవి తమ విసర్జితాలలోని అమ్మోనియాకే బలవుతాయి. దానిని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు రాళ్ళమీద స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు మా అమ్మాయి ప్రతిరోజూ బడి నుండి వచ్చి ఖాళీ తొట్టెను చూసి నిట్టూర్చేది.

2014 అక్టోబరు నాటికి ఆ తొట్టెలో పదకొండు గట్టి పగడాలు, తొమ్మిది చేపలు ఉన్నాయి. 12వ తేదీ ఆదివారం హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడింది. ఆ పేరును ఒమాన్ దేశం సూచించింది. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం)కు వార్త తెచ్చిన పక్షి పేరు అది. మా కిటికీ అద్దాలు పగిలాయి, వీధిలోని చెట్లన్నీ కూలిపోయాయి. కరెంటు ఉదయమే పోయింది.

పగడాల తొట్టెలో కరెంటు పోవడమంటే శ్వాస ఆగడమే. ఇన్వర్టరు పంపులను నాలుగు గంటలు నడిపింది. తరువాత బ్యాటరీ గాలిపంపు పెట్టాము. సోమవారం తెల్లవారేసరికి అదీ ఆగిపోయింది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి మూసుకుంటున్నాయి. ఇక మిగిలినది మగ్గు. నీటిని ఎత్తి పైనుండి పోస్తే గాలి కలుస్తుంది. నేను, నా భార్య, తమ్ముడు వంతులవారీగా రాత్రంతా పోశాము.

చాలా కాలం తరువాత నాకు అన్నా థిన్ అనే ఆంగ్ల మహిళ గురించి తెలిసింది. ఆమె 1846లో టార్కీ సముద్రతీరం నుండి గట్టి పగడాలను లండన్‌లోని తన ఇంటికి తెచ్చి బ్రతికించింది. నీటిలో గాలి కలవడానికి ఆ ఇంటి పనిమనిషి ప్రతిరోజూ తెరచిన కిటికీ ముందు నిలబడి, అరగంట నుండి ముప్పావుగంట వరకు నీటిని పాత్ర నుండి పాత్రకు పోసేదట. ఆ పనిమనిషి పేరు ఎవరూ రాసిపెట్టలేదు కాని, ఆమె భుజాల నొప్పి ఎటువంటిదో నాకు తెలుసు.

మంగళవారం ఉదయం మా అమ్మీ తొట్టె పక్కనున్న నీలిరంగు డ్రమ్మును చూపించి, “ఈ నీళ్ళు ఎవరికోసం దాచావు నాయనా?” అని అడిగారు. అందులో తొట్టె కోసం నిల్వచేసిన ఎనభై లీటర్ల ఆర్.ఓ. నీరు ఉంది. వీధిలో కుళాయిలు రావడం లేదు. మోటార్లు ఆడడం లేదు. పాలప్యాకెట్టు, నీళ్ళక్యాను కోసం జనం మైళ్ళు నడుస్తున్నారు. ఎదురింటిలో నెలల పసిపాప ఉంది. రెండు రోజులుగా నేను పగడాల కోసం నిద్ర మానుకున్నాను గాని, ఎదురింటి తలుపు తట్టలేదు. ఆ నీటిని బిందెలతో నాలుగు ఇళ్ళకు పంచాము. అమ్మీ నన్ను మరొక్క మాట కూడా అనలేదు. అనివుంటే బాగుండేదనిపించింది.

నాలుగో రోజు తొట్టె నుండి కుళ్ళిన వాసన మొదలైంది. మా వీధికి కరెంటు ఎనిమిదో రోజున వచ్చింది. అప్పటికి రెండు చేపలు మిగిలాయి. పదకొండు పగడాలలో ఒక్కటీ మిగలలేదు.

తెల్లని అస్థిపంజరాలను బయటికి తీసి కడుగుతుండగా మా అమ్మాయి అడిగింది: “అబ్బా, ఇవి ఏ ఊరివి?” నేను జవాబు చెప్పలేకపోయాను. వాటిని అమ్మిన దుకాణదారుడు “రామేశ్వరం వైపు సరుకు” అన్నాడు, రసీదు ఇవ్వలేదు. నేను అడగనూ లేదు. అడిగితే ఏమి తెలుస్తుందో లోలోపల నాకు తెలుసునని ఈనాడు ఒప్పుకుంటున్నాను.

చట్టం స్పష్టంగా ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో 2001లో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ చేర్చారు. నల్లపగడం, అగ్నిపగడం, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు కూడా అందులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. పట్టినా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. చనిపోయిన పగడపు ముక్క అయినా సరే. శిక్ష మూడు నుండి ఏడేళ్ళ జైలు. దీని వెనుక కారణం ఉంది. మన్నార్ సింధుశాఖలో దశాబ్దాలపాటు పగడాన్ని సున్నపు బట్టీల కోసం తవ్వారు. అక్కడి 21 దీవులలో రెండు నీట మునిగిపోవడానికి ఆ తవ్వకం ముఖ్య కారణమని చెబుతారు. విదేశీ గట్టి పగడాలు కూడా అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నాయి; అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటరాదు. ఆ అస్థిపంజరాలను నేను అటవీశాఖ కార్యాలయంలో అప్పగించి వచ్చాను. సిగ్గుతోనే వెళ్ళాను.

ఇంట్లో ప్రాణులను పెంచడమే తప్పని నేను అనడం లేదు. బాలుడైన అబూ ఉమైర్ పెంచుకున్న చిన్న పిట్ట గురించి దైవప్రవక్త (స) ఎంతో ఆప్యాయంగా పలకరించిన హదీసు మనకు తెలుసు; ధర్మశాస్త్ర పండితులు దాని నుండే పక్షులను పెంచుకోవచ్చని గ్రహించారు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ గురించిన హదీసు కూడా మనకు తెలుసు. హుద్‌హుద్ తరువాత ఈ రెండూ కలిపి చదివాను.

రెండేళ్ళు తొట్టె ఖాళీగానే ఉంది. తిరిగి నింపినప్పుడు పద్ధతి మార్చాను. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు సజీవశిలలతో తొట్టెను సహజంగా నడిపే విధానాన్ని ఒక పత్రికలో వివరించాడు. నేటి పగడాల తొట్టెలన్నిటికీ ఆయనే ఆద్యుడనవచ్చు. కాని ఆ శిలలు దిబ్బల నుండి పెకలించినవే. అందుకని మా తొట్టెలో సిమెంటు, ఇసుక, పెంకుల పొడితో చేసి, నెలల తరబడి నీటిలో నానబెట్టిన కృత్రిమ రాళ్ళు వాడాను. షెడ్యూలులో లేని మెత్తని పగడాలను, తొట్టెలోనే పెంచి తుంపిన ముక్కలుగా, రసీదుతో తీసుకున్నాను. చేపలు హేచరీలో పుట్టినవి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాలలో క్లౌన్ చేపలను గుడ్ల నుండి పెంచే విధానాన్ని చాలా కాలం క్రితమే రూపొందించింది. సముద్రంలో పట్టిన చేపల సంగతి వేరు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దిబ్బలలో సోడియం సైనైడ్ చిమ్మి చేపలను మత్తెక్కించి పట్టే దురాచారం ఉంది. ఆ విషం చుట్టూ ఉన్న పగడాలను కూడా చంపుతుంది.

నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన సంగతి లక్షద్వీప్‌లోని అగత్తి దీవిది. జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ అక్కడి మహిళలకు అలంకారపు రొయ్యలను, క్లౌన్ చేపలను పెంచడం నేర్పింది. మన ముస్లిం సోదరీమణులు దిబ్బను ముట్టకుండా, ఇంటి దగ్గరే పెంచి అమ్ముతున్నారు. దిబ్బ మీదే ఆధారపడిన దీవి అది. కొనేవారు పుట్టుక గురించి అడగడం మొదలుపెడితే ఇటువంటి చోట్లకు గిరాకీ పెరుగుతుంది.

చిన్నపిల్లలున్న ఇళ్ళవారికి రెండు జాగ్రత్తలు. పాలిథోవా అనే బొత్తాముల వంటి మెత్తని పగడాలలో అతి తీవ్రమైన విషం ఉంటుంది. వాటిని ఒట్టిచేతులతో ముట్టరాదు. అవి అంటుకున్న రాళ్ళను వేడినీటిలో మరిగించరాదు, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి. ఉప్పునీరు, కరెంటు ఒకేచోట ఉంటాయి కనుక ఎర్త్ లీకేజీ బ్రేకరు తప్పనిసరి. ప్రతి తీగ ప్లగ్గుకన్నా కిందికి వంగి వెళ్ళేలా చూస్తే, జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోదు.

పిల్లలకు సముద్రజీవులను చూపించడమే మీ కోరికయితే బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని ఉంది. పోటు తగ్గిన వేళ మంగమారిపేట రాళ్ళ గుంటలున్నాయి. అక్కడ చూడాలి గాని ఏరి తేకూడదు.

ప్రతి శుక్రవారం జుమా నుండి వచ్చిన తరువాత మా అమ్మాయి మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ పంపులు ఎన్ని నిమిషాలు నడుస్తాయో గడియారం చూసి పుస్తకంలో రాస్తుంది. నీలి డ్రమ్ము ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మూతమీద అమ్మీ అడిగి మరీ రాయించిన మాట ఒకటే: “ముందు ఇరుగుపొరుగుకు.”